బ్యాటరీ తీసేసిన ట్యాగు

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. చిన్నప్పుడు మా ఊరి పిల్లలు పొద్దుగూకాక సరుగుడు తోటలోకి వెళ్ళాలంటే వణికేవాళ్ళు. నేను పందెం కట్టి మరీ వెళ్ళొచ్చేవాణ్ణి. ఇప్పటికీ నమ్మను. ఎవరైనా వచ్చి "మీ సముద్రంలో ఏదో ఉందట కదా" అని కళ్ళు పెద్దవి చేసుకుని అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. అయినా ఇది రాస్తున్నానంటే, కడుపులో రగులుతున్నది ఎక్కడో ఒకచోట కక్కేయాలి కాబట్టి రాస్తున్నాను. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు.

మాది కవిటికి తూర్పున, సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. ఇంటిల్లిపాదీ చేపల వేట మీద బతికినవాళ్ళం. నేనొక్కణ్ణే టెక్కలిలో డిగ్రీ చదివి, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో కొన్నాళ్ళు పనిచేసి, ఆ పొగ పడక బయటికొచ్చేశాను. ఆ తర్వాత సొరచేపల ప్రాజెక్టులో ఫీల్డు అసిస్టెంటుగా చేరాను. సొరలు ఏ కాలంలో ఎటు వెళ్తున్నాయో, ఎంత లోతుకు దిగుతున్నాయో కనిపెట్టడం ఆ ప్రాజెక్టు పని. మంచి పనే. దాని మీద నాకేం కోపం లేదు. నా కోపం దాన్ని నడిపిన పెద్దమనిషి మీద. ఆయన పేరు రాయను. సారు అంటాను, చాలు.

మా దగ్గరుండే ట్యాగు అరటిపండంత ఉంటుంది, నారింజ రంగులో. వలలో ప్రాణంతో పడ్డ సొరని తెప్ప పక్కకి లాగి, కళ్ళమీద తడిగుడ్డ కప్పి, వీపు మీది రెక్కకి దీన్ని బిగించి వదిలేస్తాం. కొన్నాళ్ళు అది సొరతోపాటే తిరుగుతుంది. గడువు అయ్యాక పట్టీ దానంతటదే ఊడి, ట్యాగు నీటిమీదికి తేలుతుంది. అప్పుడు వెతికి పట్టుకోవాలి. సొర ఎంత లోతుకి దిగిందీ, నీళ్ళెంత చల్లగా ఉన్నాయీ అంతా దాని కడుపులోనే ఉంటుంది. దొరక్కపోతే పడిన శ్రమంతా ఉప్పునీళ్ళ పాలే.

వెతకడానికి నా చేతిలో ఒక రిసీవరు, పాత టీవీ యాంటెన్నా లాంటి కమ్మీ ఉంటాయి. ప్రతి ట్యాగుకీ ఒక నంబరు. రిసీవర్లో ఆ నంబరు పెట్టి కమ్మీని నాలుగు దిక్కులా తిప్పితే, ట్యాగు ఉన్న వైపు కూత గట్టిగా వినిపిస్తుంది. ట్యాగు నీళ్ళలో మునిగి ఉంటే కూత రాదు. పైకి తేలితేనే వస్తుంది.

నేను చెప్పబోయేది పద్నాలుగో నంబరు ట్యాగు సంగతి.

దాన్ని మా బావ తెప్ప మీద నుంచే కట్టాం. తెప్ప అంటున్నానే గానీ, ఇప్పుడవన్నీ ఇంజను బిగించిన చిన్న పడవలే. బావ అంటే మా అప్ప మొగుడు, మా వైపు అక్కని అప్ప అంటాం. బావతో పాటు ఎప్పుడూ వేటకెళ్ళే జతగాడు పోలయ్య. ఆ రోజు వాళ్ళ వలలో మనిషంత సొర పడితే నాకు ఫోన్ చేశారు. సారు, నేను ఇంకో పడవలో వెళ్ళాం. బావ తల దగ్గర, పోలయ్య తోక దగ్గర పట్టుకున్నారు. ట్యాగు బిగించే ముందు సారు సామాను సర్దుకుంటూ దాన్ని కాసేపు పోలయ్య చేతికిచ్చారు.

మా వాళ్ళకో అలవాటుంది. వల మునిగిపోకుండా కొత్త బెండు కడితే, దాన్ని సముద్రంలో వేసే ముందు పెదాల దగ్గర పెట్టుకుని ఇంటిపేరు చెప్తారు. బెండు తెగి కొట్టుకుపోయినా ఎవరి సొత్తో దానికి తెలియాలని. పోలయ్య ఏమీ ఆలోచించలేదు. చేతిలో తేలే వస్తువుంది, అది నీళ్ళలోకి వెళ్తోంది, అంతే. దాన్ని నోటి దగ్గర పెట్టుకుని తన ఇంటిపేరు చెప్పేశాడు.

బావ పగలబడి నవ్వాడు. "ఒరే పోలిగా, సారుగోరి సొత్తుకి నీ ఇంటిపేరెట్టేసినావేట్రా!"

పోలయ్య నాలిక కరుచుకున్నాడు. సారు మాత్రం నవ్వలేదు. ఉమ్ము పడితే సెన్సరు పాడైపోతుందని కసిరి, ట్యాగు లాక్కుని గుడ్డతో తుడిచారు. పోలయ్య మొహం చిన్నబోయింది. నాకు అప్పుడే చిర్రెత్తుకొచ్చింది గానీ ఉద్యోగం కదా, సొర కళ్ళమీద తడిగుడ్డ సర్దుతూ ఉండిపోయాను.

ఆ ట్యాగు గడువయ్యాక పైకి తేలింది. ఎక్కడుందో మొదట్లో సరిగ్గా దొరకలేదు. సారు ప్రాజెక్టు పడవని రోజుల తరబడి సముద్రంలో తిప్పించారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. అరటిపండంత వస్తువు కోసం పెద్ద ఇంజను పడవ, డ్రైవరు, డీజిలు, భోజనాలు, దేనికీ లోటు లేదు. చివరికి అది బారువ వైపు ఒడ్డుకు కొట్టుకొస్తే, ఎండిన నాచులోంచి నేనే ఏరి తెచ్చాను.

పలాసలో ఒక మేడ మీద మా ఆఫీసు. అక్కడ పనిచేసే ఇంజనీరమ్మాయి నా కళ్ళముందే దాని తొడుగు కోసి, లోపలున్న సమాచారం కంప్యూటర్లోకి తీసుకుని, బ్యాటరీ పీకి పక్కన పెట్టింది. మిగిలిన డొల్లని వచ్చిన అతిథులకి చూపించడానికని గాజు మూత డబ్బాలో పెట్టారు. పద్నాలుగో నంబరు కథ అక్కడితో అయిపోయింది. అయిపోవాలి మరి.

తర్వాత కొన్నాళ్ళకి, వేటకెళ్ళిన తెప్పలు తిరిగొచ్చే వేళకి ఉన్నట్టుండి ఈదురుగాలి లేచింది. చాలా తెప్పలు ఎలాగో ఒడ్డుకు పడ్డాయి. మా బావది రాలేదు. తెప్పమీద బావ, పోలయ్య ఇద్దరే.

మా అప్ప ఒడ్డున ఇసుకలో కూలబడిపోయింది. పోలయ్య పెళ్ళాం నూకమ్మ నిలబడే ఉంది. ఆ రాత్రంతా ఆవిడ కూర్చోలేదని తర్వాత అందరూ చెప్పుకున్నారు. అధికారులకి ఫోన్లు వెళ్ళాయి. తెల్లారాక ఊళ్ళో తెప్పలన్నీ కదిలాయి. గాలి దక్షిణం నుంచి కొట్టింది కాబట్టి ఉత్తరానికే కొట్టుకుపోయి ఉంటారని అందరూ ఇచ్ఛాపురం వైపే వెళ్ళారు. నేనూ ఒక తెప్పలో వెళ్ళి మధ్యాహ్నానికి ఉత్త చేతులతో తిరిగొచ్చాను. అప్పని చూసుకోమని నన్ను దింపి ఆ తెప్ప మళ్ళీ ఉత్తరానికే వెళ్ళింది.

ఒడ్డున కాలు పెట్టానో లేదో సారు ఫోను. పాపం, పరామర్శకి అనుకున్నాను. ఇంకో ట్యాగుకి గడువు అయిపోయిందట, ఈపాటికి తేలి ఉంటుందట, ఒకసారి రిసీవరు పట్టుకుని విని చెప్పమన్నారు. మా బావ కనబడ్డం లేదు సార్ అన్నాను. తెలుసు, చాలా బాధగా ఉంది, అయినా ఐదు నిమిషాల పనే కదా అన్నారు. నాకు ఫోను నేలకేసి కొట్టాలనిపించింది. కానీ ఇంట్లోకి వెళ్తే అప్ప ఏడుపు. ఆ ఏడుపు విన్లేక రిసీవరు తీసుకుని తుఫాను షెల్టరు మేడ ఎక్కాను. మా ఊళ్ళో సముద్రం దూరం వరకూ కనబడేది అక్కడినుంచే.

సారు చెప్పిన నంబరు పెట్టాను. ఏమీ లేదు. మిగతా నంబర్లు వరసగా తిప్పుతూ పోయాను, అలవాటు కొద్దీ. పద్నాలుగు దగ్గర కూత వినిపించింది.

మొదట మిషను పాడైందనుకున్నాను. ఆపి మళ్ళీ వేశాను. పదమూడు పెట్టాను, నిశ్శబ్దం. పదిహేను, నిశ్శబ్దం. పద్నాలుగు, కూత. కమ్మీ కొబ్బరి తోటల వైపు తిప్పితే ఆగిపోయింది. ఉత్తరానికి తిప్పితే లేదు. ఆగ్నేయానికి తిప్పితే గట్టిగా, ఆగకుండా వస్తోంది. ఆ పక్కన ఒక్క తెప్ప కూడా వెతకడం లేదు.

పలాస ఆఫీసుకి ఫోన్ చేసి, పద్నాలుగో నంబరు ట్యాగు ఎక్కడుందో చూడమ్మా అన్నాను. ఆ అమ్మాయి వెళ్ళి చూసి డబ్బాలోనే ఉందంది. బ్యాటరీ? డ్రాయరులో ఉందంది. నేను నమ్మలేదని రెండూ బల్లమీద పక్కపక్కన పెట్టి ఫొటో తీసి పంపింది. ఆ ఫొటో చూస్తూనే ఉన్నాను, చెవి దగ్గర రిసీవరు కూస్తూనే ఉంది.

అప్పుడు నాకు భయం వేయలేదు. దయ్యం, దేవుడు, ఏదీ తట్టలేదు. ఎటు వెతకాలో తెలియక చస్తున్నవాడికి ఒక దిక్కు దొరికింది, అంతే. ఇంకా బాగా వెలుతురు ఉంది. ప్రాజెక్టు పడవ బారువలో ఖాళీగా ఉంది. అది బయల్దేరితే పొద్దుగూకే లోపు చాలా దూరం చూసి రావచ్చు. సారుకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆయన ఓపిగ్గానే విన్నారు. ఆ ఓపికే నాకు ఇప్పటికీ మంట. బ్యాటరీ లేని ట్యాగు కూయదయ్యా అన్నారు. ఎవరి వైర్‌లెస్సో తగులుతోంది అన్నారు. "నువ్వు ఎమోషనల్‌గా ఉన్నావు, రెస్టు తీసుకో. రేపు పొద్దున్న చూద్దాం" అన్నారు. కూత సంగతి వదిలేయండి సార్, ఇద్దరు మనుషులు సముద్రంలో ఉన్నారు, దానికోసమైనా పడవ పంపండి అన్నాను. దానికి పర్మిషన్లు కావాలి, ఎల్లుండి అతిథులొస్తున్నారు, పడవకి ఏమైనా అయితే జవాబు చెప్పుకోవాలి అన్నారు. నేను అరిచాను. ఏమని అరిచానో ఇక్కడ రాయలేను. ఆయన ఫోన్ పెట్టేశారు.

ఊరి తెప్పలు చీకటి పడ్డాకే తిరిగొచ్చాయి, డీజిలు అయిపోయి, మనుషులు సోలిపోయి. అందరిలో ఎర్రయ్య మావ మాత్రం నా మాట విన్నాడు, ఆయనకీ ఓ తెప్ప ఉంది. కమ్మీని, నా మొహాన్ని మార్చి మార్చి చూసి, "అది ఏటైనా గానీ, ఆ పక్కన సూడలేదు గదా మనం. తెల్లారేసరికి డీజిలు సూత్తాను, ఎల్దుం" అన్నాడు. సారుకి తట్టని మాట ఇదే. కూత నిజమో కాదో తర్వాత సంగతి, ఆ దిక్కున ఇంకా ఎవరూ చూడలేదు.

తూరుపు తెలుపెక్కుతుండగా ఎర్రయ్య మావ తెప్పమీద బయల్దేరాం. సముద్రం తప్పు చేసి దాక్కున్నట్టు ఎంత నెమ్మదిగా ఉందో! నేను ముందు నిలబడి కమ్మీ పట్టుకున్నాను. కూత ఉంది. ఎటు గట్టిగా వస్తే అటు చెయ్యి చూపించాను, మావ అటే తిప్పాడు. ఒడ్డు కనబడకుండా పోయింది. ఎండ ఎక్కింది. నా నోరు ఎండిపోయింది గానీ నీళ్ళు తాగాలన్న ధ్యాస లేదు.

తిరగబడ్డ తెప్ప ముందు మావకే కనబడింది. దానిమీద బోర్లా పడి మనిషి. మా బావ. తాడు నడుముకి చుట్టుకుని ఉన్నాడు. పెదాలు పగిలి, కళ్ళు వాచి, నన్ను గుర్తుపట్టడానికి చాలాసేపు పట్టింది. ఎత్తి మా తెప్పలో పడుకోబెట్టి గుడ్డ తడిపి నోట్లో పిండాను.

పోలయ్య ఏడి బావా అన్నాను.

"ఇయాల తెల్లారగట్ల వరకూ నా పక్కనే ఉన్నాడ్రా" అన్నాడు. "సెయ్యి పట్టుకునే ఉన్నాను. కునుకట్టేసినాది నాకు. లెగిసేసరికి లేడు."

తెల్లారగట్ల. అంటే ముందురోజు మధ్యాహ్నం నేను మేడమీద నిలబడి పడవ కోసం బతిమాలుకుంటున్నప్పుడు పోలయ్య బతికే ఉన్నాడు. రాత్రంతా బతికే ఉన్నాడు. పడవ బారువలో తాడు కట్టుకుని ఊగుతోంది.

ఇక్కడిదాకా అయితే నేను ఏదో ఒకటి చెప్పుకుని సరిపెట్టుకునేవాణ్ణేమో. ఎవరి వైర్‌లెస్సో, గుడ్డి అదృష్టమో. కానీ బావని తెప్పలోకి ఎక్కించాక నేను కింద పెట్టేసిన రిసీవరు ఇంకా కూస్తూనే ఉంది.

తీసి కమ్మీ తిప్పాను. తిరగబడ్డ తెప్ప వైపు పెడితే కూత లేదు. బావ వైపు పెడితే లేదు. ఇంకా తూర్పుకి, లోతు సముద్రం వైపు తిప్పితే గట్టిగా ఉంది. ముందటికంటే గట్టిగా.

ఎర్రయ్య మావ మొహం పాలిపోయింది. "ఇది మీ బావ కోసం కూయలేదురా. పోలిగాడి ఇంటిపేరు సెప్పిన బెండు గదా అది" అన్నాడు. ఆ సంగతి నేను మర్చిపోయాను. సొరకి ట్యాగు కట్టిన రోజు బావ ఊరంతా చెప్పుకుని నవ్వాడు కాబట్టి మావకి తెలుసు. నన్ను నేను తిట్టుకుంటూ అటే పోనీమన్నాను. మావ కొంత దూరం పోనిచ్చాడు. నీళ్ళ మీద ఏమీ కనబడలేదు. కూత ఇంకా ముందుకే చూపిస్తోంది. వెనక బావ ఏదేదో మాట్లాడుతున్నాడు, మాటలు తడబడుతున్నాయి, ఒళ్ళు కాలిపోతోంది. డబ్బాలో డీజిలు ఒడ్డుకి చేరడానికి సరిపోతుందో లేదో అన్నట్టుంది.

మావ ఇంజను తగ్గించి నా వైపు చూశాడు. "సెప్పు, ఏటి సేద్దుం?" అన్నాడు.

తిప్పేయమన్నాను.

ఒడ్డు వైపు తిరిగాక కూత చాలాసేపు వినిపించింది, మా వెనక నుంచి. క్రమంగా సన్నబడలేదు. దూరమైతే సన్నబడాలి. ఒకే తీరుగా వస్తూ వస్తూ, మా ఊరి కొబ్బరిచెట్ల తలలు కనబడే వేళకి టక్కున ఆగిపోయింది. ఆ తర్వాత ఇంకెప్పుడూ ఆ నంబరు మీద నాకు ఏమీ వినబడలేదు. మధ్యాహ్నం మూడు తెప్పలు అటు వెళ్ళాయి. మర్నాడు కూడా వెళ్ళాయి. పోలయ్య దొరకలేదు.

బావని టెక్కలి ఆసుపత్రిలో చేర్చాం. బతికాడు. నేను అక్కడినుంచి నేరుగా పలాస వెళ్ళి గాజు మూత తెరిచాను. ట్యాగు తడిగా ఉంటుందనో, ఇసుక ఉంటుందనో మీరు అనుకుంటారు. ఏమీ లేదు. దుమ్ము ఉంది. కోసిన కడుపు, తెగిన తీగలు. రిసీవరు పక్కనే పెట్టి వేశాను. నిశ్శబ్దం. ఒక్క ఆనవాలన్నా ఉంటే మనిషి నమ్మడమో భయపడ్డమో చేస్తాడు. ఏదీ లేకపోయేసరికి నాకు పిచ్చికోపం వచ్చింది. ఆ అమ్మాయి భయపడి గది బయటికి వెళ్ళి నిలబడింది.

తర్వాత జరిగింది వినండి. బావ బతికిన సంగతి పేపరు వాళ్ళకి తెలిసింది. మూడో నాడు సారు పళ్ళ సంచితో ఆసుపత్రికి వచ్చారు. బావ మంచం పక్కన నిలబడి, మా ప్రాజెక్టు పరికరం ఒక మత్స్యకారుడి ప్రాణం కాపాడింది, సైన్సు సామాన్యుడికి ఇలా ఉపయోగపడుతుంది అని చెప్పారు. ఫొటో తీయబోతుంటే బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. పడవ ఇవ్వని చెయ్యి ఆ పళ్ళ సంచిని అందరికీ కనబడేట్టు పట్టుకుంది.

పేపరు వాళ్ళు వెళ్ళాక వరండాలో ఆయన్ని నిలదీశాను. ఏ పరికరం సార్ కాపాడింది? బ్యాటరీ లేని ట్యాగు కూయదన్నారు కదా? ఆయన గొంతు తగ్గించి, అదంతా ఉత్త శబ్దమయ్యా, తరంగాలు ఎక్కడో తగిలి వెనక్కొచ్చి ఉంటాయి, ప్రాజెక్టు రిపోర్టులో రాయొద్దు అన్నారు. రిసీవరుని పరీక్షకి కూడా పంపించారు. అందులో ఏ లోపమూ లేదని తిరిగొచ్చింది. దాని గురించి ఆయన నాకు ఒక్క మాట చెప్పలేదు, ఇంజనీరమ్మాయే చెప్పింది.

నేను ఉద్యోగం మానేశాను. నేను మానేస్తే ఆయనకొచ్చిన నష్టమేం లేదు, ఆ సంగతి నాకు తెలుసు.

చివరిగా ఒకటుంది. బావ ఇంటికొచ్చిన రోజు నూకమ్మ మా ఇంటికొచ్చింది. ఏడవలేదు. బావని పలకరించింది, అప్ప ఇచ్చిన టీ తాగింది. వెళ్ళబోతూ నన్ను అడిగింది.

"బావు, తూరుపేపు ఇంకా కూసిందంట గదా. మరి అటేపు ఎల్లకపోయినావేటి?"

నిష్ఠూరంగా అడగలేదు. తెలుసుకోవాలని అడిగింది. బావ పరిస్థితి చెప్పాను, డీజిలు సంగతి చెప్పాను. తలూపింది. "అయితే అక్కడున్నాడంటావా, లేడంటావా?" అంది.

నేను సారుకి ఫోన్ చేశాను. మీరు ఆమె దగ్గరికొచ్చి రెండింట్లో ఒకటి చెప్పండి అన్నాను. అది ఉత్త శబ్దమైతే, ఆ శబ్దం మమ్మల్ని మా బావ దగ్గరికి ఎలా తీసుకెళ్ళిందో చెప్పండి. ఉత్త శబ్దం కాకపోతే, దాన్ని వదిలేసి మేం ఎవరికి వీపు తిప్పి వచ్చామో చెప్పండి. చదువుకున్నవారు కదా, వచ్చి చెప్పండి. ఆయన ఈ మధ్య నా ఫోను ఎత్తడం లేదు.

నాకు తెలిసి ఉంటే నేనే చెప్పేవాణ్ణి. ఎన్నిసార్లు ఆలోచించినా నాకు తెలియడం లేదు. నూకమ్మ గాజులు తీయలేదు. పెద్దవాళ్ళు వచ్చి కర్మ చేసేద్దామంటే, ఆ కూత విన్న కుర్రోడు వచ్చి ఏదో ఒక సంగతి చెప్పనీండి అంటోందట.

మా బావ రోజూ వెళ్ళి నూకమ్మ ఇంటి అరుగు మీద కాసేపు కూర్చుని వస్తాడు. ఏం మాట్లాడుకుంటారో తెలియదు. నేను మాత్రం సముద్రానికి వెళ్ళాలంటే ఆ అరుగు ముందునుంచి కాకుండా వెనక సందు చుట్టి వెళ్తున్నాను.